సైటు మట్టి చెరువు పాలు కాకుండా: వరంగల్ బిల్డర్లకు వాననీటి ప్లాను, పర్మిషన్ల మార్గదర్శి

వరంగల్, హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల ఇల్లో, అపార్ట్‌మెంటో, వెంచరో మొదలుపెట్టేవాళ్లు స్థలం కాగితాలు, ప్లాను అప్రూవల్, బ్యాంకు లోను, మేస్త్రీ రేటు అన్నీ చూసుకుంటారు. తవ్విపోసిన మట్టి మొదటి పెద్ద వానకు ఎటు పోతుందో మాత్రం ఎవరూ కాగితం మీద పెట్టరు. అది పోయేది మోరీలోకి, అక్కడి నుంచి నాలాలోకి, ఆపైన చెరువులోకి. కాకతీయుల నాటి నుంచీ మనవి గొలుసుకట్టు చెరువులు. ఒకదాని మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి, నీళ్లతోపాటు ఒండ్రు కూడా. 2023 జులై వరదల్లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. మరుసటి ఏడాది నవంబరులో పూడిక తీయడానికి ఆ చెరువునే ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ పూడికంతా బిల్డర్లదే అనడం అన్యాయం, అందులో మన వాటా ఏమీ లేదనడం అబద్ధం.

నా అభిప్రాయం ముందే చెప్తాను. బురదైన నీళ్లను తేర్చడం కంటే నీళ్లు బురద కాకుండా చూసుకోవడం చౌక. రేగడి నేలలో అయితే తేర్చడం దాదాపు అయ్యే పని కాదు. అందుకే ఈ ప్లానులో సామాను కంటే పని ఏ నెలలో పెట్టుకున్నామన్నదే ముఖ్యం.

ముందు పర్మిషన్ల సంగతి

అమెరికాలో ఎకరం, ఆపైన నేలను కదిలించే ఏ నిర్మాణానికైనా వాననీటి పర్మిట్ ఉండాలి. దానికి కాలుష్య నివారణ ప్లాను రాసి సైటులోనే ఉంచాలి. మన దగ్గర ఆ పేరుతో విడిగా ఒక పర్మిట్ లేదు. నెట్‌లో దొరికిన అమెరికా నమూనా ప్రింటు తీసుకుని "సార్, దీన్ని ఎక్కడ సబ్మిట్ చేయాలి?" అని అడిగే కుర్ర ఇంజనీర్లు నాకు తరచూ తగులుతుంటారు. ఎక్కడా సబ్మిట్ చేయక్కర్లేదు, కానీ అందులోని పని మాత్రం తప్పదు. ఇక్కడ అది నాలుగైదు అనుమతుల్లో ముక్కలుగా ఉంటుంది.

మొదటిది బిల్డింగ్ పర్మిషన్. ఆన్‌లైన్ పోర్టల్ ఇదివరకు టీఎస్-బీపాస్, ఇప్పుడు బిల్డ్‌నౌ. నగరంలో గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్, బయట చాలా చోట్ల కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) పరిధి. దరఖాస్తుకు ముందే చూసుకోవాల్సింది నీటి వనరుల హద్దు. 2012 నాటి జీవో 168 ప్రకారం చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) లోపల ఏ నిర్మాణమూ కుదరదు. పది హెక్టార్లు, ఆపైన విస్తీర్ణం ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువు, కుంట, శికం భూమి అయితే 9 మీటర్లు వదలాలి. వాగు, నాలా, వరద కాలువల వెడల్పు పది మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్ రాళ్లు కనిపించడం లేదు కదా అని చెరువు లేదనుకోవద్దు. రెవెన్యూ నక్ష తెప్పించుకుని వాగు గీత మీ సర్వే నంబరు గుండా పోతోందేమో చూడండి. అనుమానం ఉంటే నీటిపారుదల శాఖ, రెవెన్యూ శాఖల నుంచి ఎన్‌వోసీ తీసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. ఎండాకాలం చూసిన ప్లాటులో వాగు కనిపించదు.

రెండోది పర్యావరణ అనుమతి. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం బిల్టప్ ఏరియా 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉంటే ఇది తప్పనిసరి. దరఖాస్తు పరివేష్ పోర్టల్‌లో, అనుమతి రాష్ట్ర స్థాయి సంస్థ సియా నుంచి. అది చేతికొచ్చేదాకా స్థలానికి కాపలా కంచె వేసుకోవడం తప్ప నేల చదును కూడా మొదలుపెట్టకూడదు. ఆ నోటిఫికేషన్‌తో వచ్చిన ఫారం-1ఏను చాలామంది కన్సల్టెంటుకు వదిలేస్తారు. మీరే ఒకసారి చదవండి. నేల కోతకు గురవుతుందా, సహజ నీటి దారులు మారతాయా, కాంటూరు మ్యాపు మీద చూపండి, మట్టి పని ఎంత, కట్టడం పూర్తయ్యాక వరద పెరుగుతుందా అని వరసగా అడుగుతుంది. ఇవి జవాబుగా రాయగలిగితే మీ వాననీటి ప్లాను సగం రాసినట్టే. అనుమతి వచ్చాక ప్రతి ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. సైటు రిజిస్టరు సరిగ్గా ఉంటే ఆ నివేదిక ఒక పూట పని.

మూడోది కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి, అంటే పని మొదలుకు ముందు సీఎఫ్‌ఈ. పర్యావరణ అనుమతి స్థాయి ప్రాజెక్టులు దీన్ని మరవకూడదు. చిన్న సైటువాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. 1974 నీటి చట్టం 24వ సెక్షన్ తెలిసి తెలిసి కాలుష్యాన్ని వాగులోకో, బావిలోకో, మోరీలోకో వదలడాన్ని నిషేధిస్తుంది. దానికి చదరపు మీటర్ల లెక్క లేదు.

ఇక నిర్మాణ, కూల్చివేత శిథిలాల నిబంధనలు. 2016 నాటివైతే రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటేవాళ్లు కాంక్రీటు, మట్టి, ఇనుము-కర్ర-ప్లాస్టిక్, ఇటుక-మాల్ అని వేరు చేసి ప్లాను ఇవ్వాలన్నాయి. 2025లో వచ్చిన కొత్త నిబంధనలకు అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. వాటిలో 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టేవాళ్ల మీద బాధ్యత పెరిగింది. తవ్విన మట్టి బయటికి పంపాలంటే గనుల శాఖను కూడా అడగండి. ఫిల్లింగుకు వాడే మట్టి చిన్నతరహా ఖనిజాల లెక్కలోకి వస్తుంది.

నీళ్ల దారి గీయండి

సైటు ప్లాను ఒకటి ఏ3 కాగితం మీద తీసుకోండి. నాలుగు మూలలా, మధ్యలో, రోడ్డు అంచున లెవెళ్లు పెట్టించండి. పైనుంచి నీళ్లు ఎక్కడ లోపలికొస్తాయి, ఎక్కడ బయటికి పోతాయి, ఆ పోయేచోట మోరీనా, నాలానా, పక్కవాడి ప్లాటా అన్నది బాణాలతో గీయండి. మోరీ అయితే దాన్ని వెంట నడిచి ఏ నాలాలో కలుస్తుందో చూడండి. నయీంనగర్ నాలా కావచ్చు, బొందివాగు కావచ్చు. "డ్రైనేజీలోకి పోతుంది" అని రాయడం ప్లాను కాదు.

అదే కాగితం మీద మట్టి కుప్ప, ఇసుక, కంకర, సిమెంటు షెడ్డు, డీజిల్ డ్రమ్ములు, మిక్సరు కడిగే చోటు, లేబరు గుడిసెలు, మరుగుదొడ్లు, టిప్పర్ వచ్చే గేటు గుర్తించండి. వీటిలో ఏదీ నీళ్లు బయటికి పోయే మూలకు పది మీటర్ల లోపు ఉండొద్దు. మేస్త్రీలకు మట్టి కుప్ప మోరీ పక్కనే పోయడం అలవాటు, ఎందుకంటే రోడ్డు మీది టిప్పర్‌కు ఎత్తడం సులువు. ఆ ఒక్క అలవాటు మాన్పిస్తే చాలా కష్టం తగ్గుతుంది.

ఎన్ని నీళ్లు వస్తాయి

కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ సీపీహెచ్‌ఈఈవో మాన్యువల్‌లోని సూత్రం చాలు. గంటకు వచ్చే ఘనపు మీటర్లు = 10 × ప్రవాహ గుణకం × గంటకు వాన మిల్లీమీటర్లలో × విస్తీర్ణం హెక్టార్లలో. ఎకరం అంటే 0.4 హెక్టార్లు. ప్రవాహ గుణకం అంటే పడ్డ వానలో ఇంకకుండా పారే వంతు. తొక్కి గట్టిపడిన వట్టి నేలకు అది 0.5 అనుకుందాం. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే 10 × 0.5 × 50 × 0.4 = 100 ఘనపు మీటర్లు. అంటే 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లు ఇరవై, గంటలో మీ గేటు దాటుతాయి.

ఈ నీళ్లు ఆగి మట్టి అడుక్కు దిగడానికి మడుగు తవ్వాలి. అది ఎంత పెద్దదిగా ఉండాలన్నదానికి అమెరికా పర్మిట్‌లో ఒక లెక్క ఉంది, ఎకరానికి 3,600 ఘనపుటడుగులు. మన కొలతల్లో 100 ఘనపు మీటర్ల పైమాట, ఎకరం మీద పడ్డ అంగుళం వాన. పది మీటర్ల పొడవు, అయిదు వెడల్పు, రెండు లోతు గుంత సరిపోతుంది. పొడవు వెడల్పుకు కనీసం రెండింతలు ఉండాలి, నీళ్లు ఒక కొస నుంచి వచ్చి ఇంకో కొస నుంచి పోవాలి. చుట్టూ కంచె తప్పదు, లేబరు పిల్లలు అక్కడే ఆడుకుంటుంటారు.

ఆ గుంతకు మత్తడి కట్టించడం మరవొద్దు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. అలాంటి వానను ఏ గుంతా ఆపదు. పొంగినప్పుడు గట్టు తెగకుండా రాళ్లు పరిచిన చోటు నుంచే పొర్లేలా చూసుకోవడం మన చేతిలో ఉంది.

రేగడి తంటా

రేగడిలో నీళ్లు తేర్చడం దాదాపు అయ్యే పని కాదని ముందు ఎందుకన్నానో, ఇదీ ఆ లెక్క. కదలని నీళ్లలో 0.05 మిల్లీమీటర్ల ఒండ్రు రేణువు మీటరు లోతు దిగడానికి ఏడు నిమిషాలు పడుతుంది. 0.002 మిల్లీమీటర్ల బంకమన్ను రేణువుకు దాదాపు మూడు రోజులు. చెల్క నేల, మొరం ఉన్న సైటులో గుంత బాగా పనిచేస్తుంది. నల్లరేగడిలో గుంత నుంచి బయటికి వచ్చేవి కూడా నల్ల నీళ్లే. వాగులోకి వదిలే నీళ్లలో తేలే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటొద్దని పర్యావరణ నిబంధనలు చెప్తాయి. వాన పడ్డ రేగడి సైటు నీళ్లలో అది వేలల్లో ఉంటుంది.

పరీక్ష పెద్ద పనేం కాదు. సైటు మట్టి గుప్పెడు ఒక బిస్లరీ సీసాలో వేసి, నీళ్లు పోసి, గిలకొట్టి, కిటికీలో పెట్టండి. గంటకు తేరితే గుంత మీద భరోసా పెట్టుకోవచ్చు. మర్నాటికి కూడా టీ రంగులో ఉంటే మీ డబ్బు గుంత మీద కాదు, నేల కప్పడం మీద పెట్టండి.

కార్తెల ప్రకారం పని

రైతుకు తెలిసిన క్యాలెండరే ఇక్కడ పనికొస్తుంది. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో మొదలవుతుంది. రోహిణి కార్తె దాటేలోపు పునాది గోతులు, సెల్లార్ తవ్వకం, రిటైనింగ్ వాల్, చుట్టూ మట్టి నింపడం అయిపోవాలి. కాకపోతే తవ్వడం ఆపండి. దసరా దాటాక మొదలుపెట్టినా నష్టం తక్కువ. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ వానాకాలం సెల్లార్ తవ్వకాలు ఆపమని ఆదేశాలిచ్చేది ఊరికే కాదు. దసరా దాటింది కదా అని నిశ్చింతా వద్దు. 2025లో మొంథా తుపాను వరంగల్‌ను ముంచింది అక్టోబరు చివర్లో, స్వాతి కార్తెలో.

వెంచర్ అయితే మొత్తం ఒకేసారి జేసీబీతో గీకించొద్దు. ఇరవై ఎకరాలు చదును చేసి ప్లాట్లకు రంగురాళ్లు పాతి ఏడాదిపాటు అలా వదిలేయడం మన దగ్గర మామూలు. అమ్మేవాడికి అది అందం, కింది చెరువుకు శాపం. రోడ్లు వేసే భాగం మాత్రం ముందు తీయండి, మిగతా చోట గడ్డి, పొదలు అలాగే ఉండనివ్వండి. పైన గీకిన ముప్పావు అడుగు మంచి మట్టిని వేరే కుప్ప పెట్టండి, పార్కుకు పనికొస్తుంది.

ఒక చోట 14 రోజులకు మించి పని ఉండదనుకుంటే అక్కడ వెంటనే కప్పడం మొదలుపెట్టాలన్నది అమెరికా నియమం. ఇది ఇక్కడా పాటించదగ్గదే, ఎందుకంటే కప్పే సామాను మన చుట్టూ ఉంది. వరిగడ్డి ఎకరానికి రెండు టన్నుల లెక్కన పరిచి, గాలికి లేవకుండా ట్రాక్టర్‌తో తొక్కించండి. వానకు ముందు జీలుగ, జనుము చల్లితే వారంలోపే మొలుస్తాయి. వేరు దిగాక మట్టి కదలదు. వాలు గట్ల మీద వట్టివేరు నాటండి. మట్టి కుప్పలకు టార్పాలిన్, అంచుల మీద రాళ్లు. టార్పాలిన్ కప్పి అంచులు వదిలేస్తే మొదటి గాలిదుమారానికే అది పక్కవాళ్ల వేపచెట్టు మీద ఉంటుంది.

అంచుల్లో ఆపేవి

పైనుంచి వచ్చే నీళ్లను సైటులోకి రానీయకుండా పై అంచున కాలువ తీసి పక్కకు మళ్లించండి. పరాయి నీళ్లు మన మట్టిని ముట్టకుండా పోతే పోరాడాల్సింది మన మీద పడ్డ వానతోనే.

కింది అంచున జియోటెక్స్‌టైల్ (నీళ్లను పోనిచ్చి మట్టిని ఆపే గుడ్డ) కంచె కట్టాలి. చాలా సైట్లలో పచ్చ నెట్ కట్టి, ఫొటో తీసి ఫైల్లో పెడతారు. ఆ నెట్ నీడకు, దుమ్ముకు. రేగడి నీళ్లు దానిలోంచి దర్జాగా పోతాయి. గుడ్డను నేలలోకి 15 సెంటీమీటర్లు గాడి తీసి పాతి, మట్టి నింపి తొక్కాలి. లేకపోతే నీళ్లు కింది నుంచి దారి చేసుకుంటాయి. గుంజలు రెండు మీటర్లకొకటి. కంచె వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో ఉండాలి, రెండు కొసలు పైకి తిప్పాలి. ముప్పై మీటర్ల కంచె వెయ్యి చదరపు మీటర్ల నేల మీది నీళ్ల వరకే మోస్తుంది. వాగు మధ్యలో, కాలువకు అడ్డంగా ఎప్పుడూ కట్టొద్దు. వెనక ఒండ్రు కంచె ఎత్తులో మూడో వంతు చేరగానే పారతో తీయించి మళ్లీ సైటు పైభాగంలో వేయండి.

రోడ్డు పక్క మోరీ జాలీల చుట్టూ 40 ఎంఎం కంకర నింపిన గోనెసంచులు పేర్చండి. ఇసుక బస్తాలు వద్దు, చినిగితే ఆ ఇసుకే మోరీలో పడుతుంది.

గేటు దగ్గర దొడ్డు కంకర పరుపు వేయండి. 15 మీటర్ల పొడవు, బండి వెడల్పుకు సరిపడా, 15 సెంటీమీటర్ల మందం, కింద జియోటెక్స్‌టైల్. మన జిల్లాలో క్వారీలకు కొదవ లేదు, ఇది పెద్ద ఖర్చు కాదు. రేగడిలో టిప్పర్ టైర్‌కు అంటే మట్టి మామూలుగా రాలదు. అక్కడ కడగడానికి పైపు, ఆ నీళ్లు పోవడానికి చిన్న గుంత పెట్టండి. రోడ్డు మీద పడ్డ మట్టిని అదే సాయంత్రం ఊడ్చి ఎత్తండి. ట్యాంకర్‌తో కడిగించి మోరీలోకి తోయడం శుభ్రం చేయడం కిందకు రాదు.

సెల్లార్ నీళ్లు

గోతిలో నిలిచిన నీళ్లను మోటారు పెట్టి రాత్రిపూట మోరీలోకి కొట్టడం ఊరంతా చేసే పనే. పద్ధతి ఇలా మార్చండి. ఫుట్‌వాల్వ్ గోతి అడుగున కాకుండా నీటి పైపొరకు అందేలా డ్రమ్ముకు కట్టి తేలించండి. నీళ్లను ముందు తొట్టిలోకో, గుంతలోకో తోడండి. తేరనప్పుడు పటిక వాడొచ్చు, కానీ గుంతలో గుప్పెడు విసిరేయడం కాదు. ఒక్కో బకెట్‌లో ఒక్కో మోతాదు కలిపి ఎంతకు తేరిందో చూసి, ఆ లెక్కన మూసిన తొట్టిలోనే కలపండి. పటిక ఎక్కువైతే నీళ్లు పులుస్తాయి. విడిచేముందు పీహెచ్ పేపర్‌తో పీహెచ్ 5.5కు, 9కి మధ్య ఉందో లేదో చూడండి. అన్నింటికంటే మంచిది, స్థలముంటే మీ నేల మీదే గడ్డిలోకి పారించడం. నగరంలో మోరీలోకే వదలాల్సి వస్తే వార్డు ఇంజనీరుకు ముందే కాగితం పెట్టండి.

కాంక్రీటు కడిగిన నీళ్లు

మట్టి కంటికి కనిపిస్తుంది. ఇది కనిపించకుండా చంపుతుంది. సిమెంటు కడిగిన నీళ్ల పీహెచ్ 12 దరిదాపుల్లో ఉంటుంది, చేపలు తట్టుకోలేవు. స్లాబు వేసిన రోజు చివరి ట్రాన్సిట్ మిక్సర్ డ్రైవరు గేటు బయటికొచ్చి చ్యూట్ దించి, రోడ్డు వారన మోరీ పక్కనే పైపు పెడతాడు. తెల్లటి చారిక మోరీ దాకా పోతుంది, మర్నాటికి గట్టిపడుతుంది. అది ఆపాలంటే ఆర్‌ఎంసీ (రెడీమిక్స్ కాంక్రీటు) ఆర్డరులోనే కడిగేచోటు ఏదో రాయండి. లోపల మందపాటి షీటు పరిచిన గుంత చూపించండి. నీళ్లు ఆవిరై గట్టిపడ్డ ముద్దలను పగలగొట్టి శిథిలాల్లో కలపండి. రంగుల బ్రష్షులు, టైల్స్ గ్రౌట్, పుట్టీ బకెట్లు కూడా అక్కడే.

డీజిల్ డ్రమ్ములు, జనరేటర్ కింద ట్రే పెట్టండి, పెద్ద డ్రమ్ములో ఉన్నంత నూనె ఒలికినా పట్టేంత గట్టు కట్టండి, పైన రేకు వేయండి. లేబరుకు మరుగుదొడ్లు పనివాళ్లు రాకముందే కట్టించండి.

రిజిస్టరు, బాధ్యత

ఒక నోటుబుక్కు, ఒక రెయిన్‌గేజ్, ఒక పేరు. ఈ మూడూ లేకపోతే పైన చెప్పిందంతా వృథా. వారానికోసారి, అర సెంటీమీటరు దాటి వాన పడ్డ ప్రతిసారీ 24 గంటల్లోపు సైటు చుట్టూ తిరిగి కంచె, గుంత, మోరీ సంచులు, గేటు పరుపు ఎలా ఉన్నాయో, ఏం బాగు చేశారో రాయాలి. ఫొటోలో తేదీ కనిపించాలి. వాతావరణ శాఖ ఆరెంజ్ అలర్టు ఇస్తే ఆ సాయంత్రమే కుప్పలు కప్పించి మత్తడి దారి ఖాళీ చేయించండి. రోజులో 115 మిల్లీమీటర్లు దాటితే వాళ్ల లెక్కలో అతి భారీ వర్షం. మండలాలవారీ వాన లెక్కలు తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సంస్థ రోజూ ఇస్తుంది, మీ గేజ్‌తో సరిచూసుకోండి.

ఈ పనులన్నీ బీవోక్యూలో (కాంట్రాక్టు పనుల, పరిమాణాల జాబితాలో) వేరే లైన్లుగా పెట్టండి. "కాంట్రాక్టరు చూసుకోవాలి" అన్న వాక్యానికి ఎవరూ కూలీ ఇవ్వరు, అందుకే ఎవరూ చేయరు. సైటు చిన్నదైతే రాసేది సూపర్‌వైజర్, పెద్దదైతే విడిగా ఒకరు. ఐజీబీసీ హరిత భవన రేటింగ్‌కు వెళ్లే ప్రాజెక్టుల్లో మట్టి కోత నివారణ ఎలాగూ తప్పనిసరి షరతు. ఈ రిజిస్టరే అక్కడా చూపించవచ్చు.

ముగించేటప్పుడు

నేల గడ్డితోనో, పేవర్లతోనో పూర్తిగా కప్పబడ్డాకే కంచెలు తీయండి. గుంతలోని ఒండ్రు ఎత్తి మీ లాండ్‌స్కేపులోనే వేయండి. వరద కాలువలను నీళ్లతో కడిగించకుండా పారలతో తీయించండి.

ఇంకుడు గుంతల విషయంలో చాలామంది పప్పులో కాలేస్తారు. నిర్మాణం నడుస్తుండగానే ఇంకుడు గుంత తవ్వి, కంకర నింపి, బురద నీళ్లన్నీ అందులోకి మళ్లిస్తారు. మొదటి వానాకాలానికే బంకమన్ను కంకర సందుల్లో పేరుకుని గుంత కుండీ అయిపోతుంది, ఇంకడం ఉండదు. గుంత చోటును ముందే గుర్తించి, బండ్లు తొక్కకుండా కంచె కట్టి ఉంచండి. కంకర, ఇసుక నింపడం అన్ని పనుల చివర్న, పై నేల కప్పాకే. తర్వాత ఒక ట్యాంకర్ నీళ్లు పోయించి ఎన్ని గంటల్లో ఇంకాయో చూడండి. ఆ అంకె, కాలువల మ్యాపు, జాలీలు ఎప్పుడు శుభ్రం చేయాలో రాసిన కాగితం తాళం చెవులతోపాటు ఓనర్ల సంఘానికి ఇవ్వండి.